నిద్రపోతున్న కుక్క మెదడును ఎలా కొలుస్తారు?

విజయవాడలోనైనా గుంటూరులోనైనా కుక్కలు పెంచుకునేవాళ్ళ మధ్య ఫిట్స్ మాట వచ్చిందంటే, కాసేపటికి ఎవరో ఒకరు అడుగుతారు: "మనుషులకు తీసినట్టు దీనికీ ఈఈజీ తీయించేస్తే తేలిపోతుంది కదా?" పక్కనున్నాయన స్కానింగ్ బెటర్ అంటాడు. ఇంకొకావిడ ఆన్‌లైన్‌లో కొన్న మెడపట్టీ గురించి చెప్పి, మావాడు రాత్రి ఎంతసేపు నిద్రపోయాడో ఫోన్‌లో వచ్చేస్తుంది అంటుంది. ఈ మూడూ ఒకే పనికొచ్చే పరికరాలన్నట్టు మాట్లాడుకుంటాం గానీ, అవి కొలిచేవి మూడు వేర్వేరు సంగతులు. స్కానింగ్‌లో కనపడేది మెదడు ఆకారం. పట్టీ లెక్కపెట్టేది మెడ కదలిక. ఆ క్షణాన మెదడులో ఏం జరుగుతోందో చెప్పగలిగేది, తలకు తీగలు పెట్టి మెదడు విద్యుత్తును గ్రాఫుగా గీసే ఈఈజీ ఒక్కటే, అదీ కుక్కల విషయంలో బోలెడు షరతులతో. ఆ షరతులన్నిటిలో పెద్దది నిద్ర.

ఎందుకంటే, మూర్ఛ జబ్బున్న కుక్క దాదాపు ఎప్పుడూ మామూలుగానే ఉంటుంది. తింటుంది, గేటు దగ్గర మొరుగుతుంది, బంతి వెనక పరిగెడుతుంది. నెలకో, మూడు నెలలకో ఒక్కసారి ఒకటి రెండు నిమిషాల ఫిట్ వస్తుంది. సరిగ్గా ఆ రెండు నిమిషాలూ ఆసుపత్రిలో అరగంట పరీక్ష జరిగేటప్పుడే రావాలంటే కుదిరే పని కాదు. అందుకే ఈఈజీలో డాక్టర్లు వెతికేది ఫిట్‌ను కాదు. ఫిట్‌కీ ఫిట్‌కీ మధ్య, పైకి ఏమీ కనపడకుండా, మెదడులో క్షణంలో పదో వంతు కూడా ఉండని విద్యుత్ మెరుపులు వచ్చిపోతుంటాయి. గ్రాఫు మీద అవి సూదిమొనల్లా లేస్తాయి. వెతికేది వాటికోసం. కుక్క హుషారుగా అటూ ఇటూ చూస్తున్నప్పుడు అవి దొరకడం అరుదు.

కాళ్ళు కొట్టుకుంటే అన్నీ ఫిట్సేనా?

ముందు మామూలు నిద్ర సంగతి చూద్దాం, కంగారు ఎక్కువగా పుట్టేది అక్కడే. పడుకున్న కుక్క కాళ్ళు పరిగెడుతున్నట్టు ఆడతాయి, మీసాలు అదురుతాయి, మూసిన రెప్పల కింద కళ్ళు కదులుతాయి, గొంతులోనే చిన్నగా మొరుగుతుంది. ఇది రెమ్ నిద్ర. కళ్ళు వేగంగా కదిలే ఈ దశను 1953లో అమెరికాలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ మనుషుల్లో వివరించారు. ఈ దశలో మెదడు దాదాపు మెలకువలో ఉన్నంత చురుగ్గా పనిచేస్తుంది. కండరాలను మాత్రం మెదడు కాండమే సడలించి ఉంచుతుంది. ఆ కట్టడిని దాటి వచ్చే చిన్న చిన్న కదలికలే మనం చూసే అదురు. పేరు పెట్టి పిలిస్తే కుక్క లేస్తుంది. లేవగానే మామూలుగా తోక ఊపుతుంది.

ఫిట్ అలా ఉండదు. ఒళ్ళు కర్రలా బిగుసుకుంటుంది, దవడలు టకటకా కొట్టుకుంటాయి, చొంగ కారుతుంది, చాలాసార్లు మూత్రం పోతుంది. పిలిచినా తెలివి ఉండదు. ఆగాక కూడా కాసేపు గోడలకు గుద్దుకుంటూ, ఇంటివాళ్ళను పోల్చుకోలేక, కొన్నిసార్లు విపరీతమైన ఆకలితో తిరుగుతుంది. ఈ తర్వాతి అయోమయమే చాలాసార్లు అసలు గుర్తు.

తేడా ఇంత స్పష్టంగా ఉంటే గొడవే లేదు. మధ్యరకాలూ ఉన్నాయి. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకి బతికి బయటపడ్డ కుక్కల్లో ఒక కాలో, దవడో లయగా అదురుతూనే ఉంటుంది, నిద్రలో కూడా ఆగదు. టీకాలు పడని పిల్లల్లో మన ఊళ్ళలో ఇది కొత్తేమీ కాదు. రెమ్ నిద్రలో కండరాల కట్టడి సరిగా పనిచేయని జబ్బు ఇంకొకటుంది. అలాంటి కుక్క నిద్రలోనే ఎగిరిపడుతుంది, గోడను కొరకబోతుంది, లేపితే మాత్రం వెంటనే మామూలైపోతుంది. ఇక ముఖమో కాలో ఒక్కటే వణికే చిన్నరకం ఫిట్స్ కూడా ఉంటాయి. వీటిని ఫోన్ వీడియోలో చూసి అనుభవమున్న డాక్టర్లు కూడా తలోమాటా చెప్పగలరు. అలాంటప్పుడు ఆ కదలిక సమయానికి మెదడులో సూదిమొనలు లేచాయా, లేక మామూలు రెమ్ గీతలే నడిచాయా అన్నది చూస్తే తప్ప తేలదు.

తల మీద కండ, గోడలో కరెంటు

మెదడు విద్యుత్తును కొలిచే చరిత్రలో కుక్క మనిషికన్నా ముందుంది. హాన్స్ బెర్గర్ మనిషి ఈఈజీని 1924లో నమోదు చేసి 1929లో ప్రచురించాడు. అంతకన్నా చాలా ముందే, 1913లో ప్రావ్‌డిచ్-నెమిన్‌స్కీ అనే ఉక్రెయిన్ శాస్త్రవేత్త కుక్క మెదడు తరంగాలను అచ్చువేశాడు. వందేళ్ళు దాటినా కుక్క ఈఈజీ మనిషిదంత మామూలు పరీక్ష కాలేదంటే, కారణం చాలావరకు కుక్క తలే.

లాబ్రడార్ నెత్తి మీద చెయ్యి పెట్టి రెండు పక్కలా నొక్కి చూడండి. మెత్తగా తగిలేదంతా దవడను ఆడించే కండరం. మనిషికి నుదురూ మాడూ దాదాపు చర్మం, ఎముకే. కుక్కకు మెదడున్న చోటంతా ఈ కండ కప్పేసి ఉంటుంది, దాని కింద మందపాటి ఎముక, పెద్దజాతి కుక్కల్లో ముందువైపు గాలి గదులు కూడా. మెదడు నుంచి పైకి చేరే సంకేతం కొన్ని పదుల మైక్రోవోల్టులు. గుండె ఈసీజీతో పోలిస్తే అది ఎన్నో రెట్లు చిన్నది. కుక్క చెవి తిప్పినా, ముక్కు ఎగబీల్చినా కండరం పుట్టించే విద్యుత్తు దాన్ని ముంచేస్తుంది. దీపావళి ముందురోజు బీసెంట్ రోడ్డులో నిలబడి పక్కవాడి గుసగుస వినాలన్నట్టు ఉంటుంది వ్యవహారం. దీనికితోడు మన ఇళ్ళలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఫ్యాను, ఇన్వర్టరు, ఏసీ అన్నీ ఆ యాభై ఊపునే తీగల్లోకి పంపుతాయి. దాన్ని ఫిల్టరు చేయకపోతే గ్రాఫంతా నల్లటి పట్టీ అవుతుంది.

కుక్క నిద్రపోయిందంటే ఈ గోలలో సగానికి పైగా దానంతట అదే సద్దుమణుగుతుంది. కండరాలు సడలుతాయి, కళ్ళు మూసుకుంటాయి. నిద్ర కావాలనడానికి ఇది మొదటి కారణం, తేలిగ్గా అర్థమయ్యేది. అసలు కారణం ఇంకా లోపలుంది.

నిద్రలో మెదడు ఎందుకు బయటపడుతుంది

గాఢనిద్రలో, అంటే రెమ్ కాని దశలో, మెదడు లోపలి థాలమస్, పైపొర కార్టెక్స్ కలిసి ఒక నెమ్మదైన లయలో పడతాయి. సెకనుకు నాలుగు సార్లకన్నా తక్కువగా ఊగే పెద్ద అలలు వస్తాయి. లక్షల నాడీకణాలు ఒక్కసారిగా చురుకవుతాయి, ఒక్కసారిగా ఊరుకుంటాయి. మెలకువలో వేటి పని అవి చేసుకునే కణాలు ఇప్పుడు మూకుమ్మడిగా నడుస్తాయి. మూర్ఛ అంటే మూలంలో ఇదే, నాడీకణాలు అవసరానికి మించి ఒకేసారి పేలడం. ఎక్కడో ఒక గుంపు కణాలకు ఆ జబ్బు లక్షణం ఉంటే, పక్కవన్నీ కూడా ఒకే లయలో ఉన్న సమయంలో వాటిని కలుపుకోవడం దానికి తేలిక. రెమ్ నిద్రలో ఈ మూకుమ్మడితనం విడిపోతుంది, మెరుపులు తగ్గుతాయి, వచ్చినా దూరం పాకవు. మనుషుల్లో ఇది బాగా రుజువైన విషయం. మూర్ఛ అనుమానమున్న మనిషిని ముందురాత్రి నిద్ర మానేసి రమ్మని, పరీక్ష గదిలో కునుకు తీయించేది ఇందుకే.

కుక్కల్లో దీనికి చక్కటి ఉదాహరణ రొడీషియన్ రిడ్జ్‌బ్యాక్ జాతి. జర్మనీ, ఫిన్లాండ్, కెనడా పరిశోధకులు కలిసి 2017లో ఆ జాతిలో ఒక వంశపారంపర్య మూర్ఛను వివరించారు, దానికి డిరాస్1 అనే జన్యువులో లోపం కారణమని కనుక్కున్నారు. ఆ కుక్కలకు ఆరు నెలల వయసు ప్రాంతంలో కండరాలు ఉలిక్కిపడే కుదుపులు మొదలవుతాయి. అవి ఎక్కువగా వచ్చేది పరిగెడుతున్నప్పుడు కాదు, సోఫా మీద మగతగా పడి ఉన్నప్పుడు. తలకు వైర్‌లెస్ పరికరం కట్టి, పక్కనే వీడియో తీస్తూ చూశారు కాబట్టే కుదుపుకీ గ్రాఫులో లేచిన మెరుపుకీ ముడి కుదిరింది. వీడియో ఒక్కటే ఉంటే ఉలికిపాటు అనుకునేవారు. గ్రాఫు ఒక్కటే ఉంటే కండరం గోల అనుకునేవారు.

అయితే ఇక్కడొక మెలిక. కుక్క మన చెప్పుచేతల్లో నిద్రపోదు. కొత్త గది, ఫినాయిల్ వాసన, తలకు తీగలు, ఇక నిద్రేం పడుతుంది? అందుకని చాలాచోట్ల మత్తు ఇస్తారు. డెక్స్‌మెడెటొమిడిన్ అనే మందు మెదడులో మెలకువను నిలిపే కేంద్రాన్ని నెమ్మదింపజేసి సహజ నిద్రకు దగ్గరగా ఉండే స్థితి తెస్తుంది, కాబట్టి పరీక్షకు పనికొస్తుంది. ప్రొపోఫాల్ లాంటివి మనం వెతికే మెరుపులనే అణిచేయగలవు. ఏ మందు ఇచ్చినా అది కుక్క నిద్ర కాదు, మందు నిద్ర. రాత్రంతా తిరిగే సహజ నిద్ర దశలు అందులో ఉండవు. మూర్ఛ మెరుపును వెతకడానికి అది సరిపోవచ్చు. కుక్క నిద్ర బాగుందా లేదా అని కొలవడానికి మాత్రం పనికిరాదు.

నిద్రనే కొలవాలంటే

దీనికి దారి చూపింది హంగేరీ వాళ్ళు. బుడాపెస్ట్ పరిశోధకులు 2014లో ఇంటి కుక్కలకు సూదులు గుచ్చకుండా, మత్తివ్వకుండా నిద్ర కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించారు. నెత్తి మధ్యగీత మీద, కంటి పక్క ఎముక మీద జిగురుతో చిన్న బిళ్ళలు అంటించి, గుండె లయకూ కండరానికీ తలా ఒకటి పెడతారు. యజమాని పక్కనే పరుపు మీద పడుకుంటాడు. కుక్క కాసేపు అటూ ఇటూ చూసి ఆయన్ని ఆనుకుని నిద్రపోతుంది. తర్వాత గ్రాఫును కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మెలకువా, మగతా, గాఢనిద్రా, రెమా అని గుర్తుపెడతారు. కొత్తచోట మొదటిసారి మనకు నిద్ర పట్టనట్టే కుక్కలకూ మొదటి నమోదులో నిద్ర తేడాగా ఉంటుందని ఆ బృందమే తర్వాత చూపించింది. అంటే ఒక్క మధ్యాహ్నపు కొలతతో ఏమీ తేల్చకూడదు.

వాళ్ళే 2017లో ఇంకో ప్రయోగం చేశారు. కూర్చో, పడుకో అనే ఆజ్ఞలు హంగేరియన్‌లో తెలిసిన కుక్కలకు అవే ఇంగ్లీషులో నేర్పి, నిద్రపోనిచ్చి చూశారు. నిద్ర తర్వాత ఆజ్ఞలు మెరుగ్గా గుర్తున్నాయి, ఆ నిద్రలోని తరంగాలు కూడా మారాయి. మన దగ్గర ఈ ప్రయోగం చేయడం కష్టం, గుంటూరు కుక్కలన్నిటికీ పుట్టినప్పటినుంచి 'సిట్' తప్ప 'కూర్చో' తెలియదు.

నవ్వులాటకు అన్నా ఇది మూర్ఛకు నేరుగా తగిలే విషయమే. మూర్ఛ ఉన్న కుక్కలు నేర్చుకోవడంలో, చెప్పింది వినడంలో వెనకబడతాయని పరిశోధనల్లో కనపడింది. దానికి కారణం ఫిట్స్ వల్ల మెదడుకు జరిగిన నష్టమా? రోజూ మింగే మందా? లేక రాత్రిపూట పైకి కనపడని మెరుపులు గాఢనిద్రను ముక్కలు చేయడమా? మూడూ ఒకే కుక్కలో కలిసి ఉంటాయి. ఫిట్స్‌కు ఇచ్చే ఫీనోబార్బిటోన్ అనే మందు మొదలుపెడితే రెమ్ నిద్ర తగ్గుతుందనీ, గ్రాఫులో వేగమైన చిన్న తరంగాలు పెరుగుతాయనీ మనుషుల్లో ఎప్పటినుంచో తెలుసు. కాబట్టి మందు వాడుతున్న కుక్క నిద్రను మాత్రమే కొలిస్తే జబ్బును చూస్తున్నామో మందును చూస్తున్నామో చెప్పలేం. మందుకు ముందు ఒకసారి, మందు కుదురుకున్నాక ఒకసారి, అదే వయసు ఆరోగ్యమైన కుక్కతో పోల్చి కొలిస్తేనే విడదీయగలం. అంత ఓపికగా చేసే చోట్లు ప్రపంచం మొత్తం మీద కొన్ని విశ్వవిద్యాలయాలే.

పట్టీలు, అమావాస్యలు

మెడపట్టీ దగ్గరకు వస్తే, అందులో ఉండేది కదలికను పట్టే చిప్. కుక్క కదలకపోతే నిద్ర అని రాసుకుంటుంది. విజయవాడ మే నెలలో ఏ కుక్కైనా పదకొండింటి నుంచి ఐదింటి దాకా మంచం కింద టైల్స్ మీద పొట్ట ఆనించి, కళ్ళు తెరుచుకునే పడి ఉంటుంది. పట్టీ లెక్కలో అది ఆరు గంటల నిద్ర. మందు మత్తుకు మందకొడిగా ఉన్న కుక్క కూడా 'బాగా నిద్రపోయింది' అనిపించుకుంటుంది. కదలికను బట్టి ఫిట్స్ పట్టుకుంటాయన్న ఆశ మీద 2020లో అమెరికాలో ఒక పట్టీని పరీక్షిస్తే, అది నాలుగో వంతు ఫిట్స్‌ను కూడా పట్టలేకపోయింది. పట్టీ వృథా అనను. అదే కుక్క, అదే కాలం, అదే ఇల్లు అయితే వారం వారం తేడా చూసుకోవడానికి పనికొస్తుంది. మెదడు గురించి మాత్రం అది ఏమీ చెప్పదు.

రెండో చివరన, పుర్రె లోపలే పరికరాలు అమర్చిన ప్రయోగాలున్నాయి. సహజంగా మూర్ఛ వచ్చిన కొన్ని కుక్కల మెదడు మీద ఎలక్ట్రోడులు పెట్టి నెలల తరబడి నమోదు చేశారు. 2014లో అమెరికన్ ఎపిలెప్సీ సొసైటీ ఐదు కుక్కల, ఇద్దరు మనుషుల నమోదులను బయటపెట్టి, ఫిట్ రాబోయే ముందు గంటను కంప్యూటరుతో గుర్తించగలరా అని పోటీ పెట్టింది. గుర్తించవచ్చని, కనీసం కొంతవరకు, తేలింది. అలాంటి దీర్ఘకాల నమోదుల్లోనే ఇంకో సంగతి కనపడింది. కొన్ని కుక్కల్లో ఫిట్స్‌కు రోజులో ఒక వేళ, ఆ పైన రోజుల, వారాల చక్రం ఉంటుంది.

ఈ మాట వినగానే మన పెద్దవాళ్ళు "అమావాస్య అని మేము చెప్పలేదా" అంటారు. చక్రం ఉన్నమాట నిజమే, చంద్రుడితో మాత్రం సంబంధం లేదు. 2011లో అమెరికాలో కుక్కల, పిల్లుల ఫిట్స్ తేదీలను చంద్రకళలతో పోల్చి చూస్తే ఏ ముడీ దొరకలేదు. ఒక్కో కుక్క చక్రం దానిది. అందుకే గోడ క్యాలెండరు మీద రాసుకోవడం అనే పాతపద్ధతికి ఇంత విలువ.

మన ఊరి కుక్కకు ఏం చేయగలం

కుక్కల మూర్ఛ మీద అంతర్జాతీయ పశువైద్య నిపుణుల బృందం 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో చాలా ఊరట. రోగనిర్ధారణను వాళ్ళు మూడు మెట్లుగా పెట్టారు. మొదటి మెట్టుకు యంత్రాలేమీ అక్కర్లేదు: కనీసం ఒక రోజు తేడాతో రెండు ఫిట్స్, మొదలైన వయసు ఆరు నెలలకూ ఆరేళ్ళకూ మధ్య, మధ్యలో డాక్టరు పరీక్షలో ఏ తేడా లేకపోవడం, రక్తం, మూత్రం పరీక్షలు మామూలుగా ఉండడం. రెండో మెట్టులో లివరుకు సంబంధించిన పిత్తామ్లాల పరీక్ష, ఎంఆర్ఐ, వెన్నుపాము నీటి పరీక్ష. ఈఈజీ మూడో మెట్టు, అంటే చిట్టచివర. మొదటి మెట్టు మీదే మందు మొదలుపెట్టవచ్చు, మన దగ్గర ఎక్కువగా జరిగేదీ అదే. గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళినా, వీధి చివర క్లినిక్‌కు తీసుకెళ్ళినా మొదట అడిగేవి ఈ ప్రశ్నలే.

ఈ మొదటి మెట్టులో మన ప్రాంతానికి ప్రత్యేకంగా తీసేయాల్సిన అనుమానాలు కొన్ని ఉన్నాయి. మిర్చి, పత్తి చేల చుట్టుపక్కల తిరిగే కుక్కకు పురుగుమందు తగిలి వణుకూ ఫిట్సూ రావచ్చు. అప్పుడు చొంగ విపరీతంగా కారుతుంది, కంటిపాప చిన్నదైపోతుంది. ఎండదెబ్బ, పిల్లల్లో షుగర్ పడిపోవడం, డిస్టెంపర్ సరేసరి. టీకా వేయించని కుక్కకో, వీధి కుక్కకో ఫిట్స్ వస్తే రేబిస్ ఆలోచన తప్పదు, దాని నోటి దగ్గరకు చెయ్యి పోకూడదు. ఆ మాటకొస్తే ఇంటి కుక్కకు ఫిట్ వచ్చినా నోట్లో చెంచా పెట్టడం, కాలికి తాళాలగుత్తి ఆనించడం వల్ల ఒరిగేదేమీ లేదు. తల తగిలే వస్తువులు పక్కకు జరిపి, ఫోన్ తీసి, టైమ్ చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండోది వచ్చినా అది ఎమర్జెన్సీ.

ఆ వీడియోలో ముఖం, కళ్ళు, నాలుగు కాళ్ళూ పడాలి. మధ్యలో ఒకసారి పేరు పెట్టి పిలవాలి, స్పందన ఉందో లేదో రికార్డవుతుంది. ఆగాక కూడా రెండు మూడు నిమిషాలు తీయాలి, ఆ అయోమయం డాక్టరు చూడాలి. క్యాలెండరులో తేదీ, గంటతోపాటు అప్పుడు కుక్క నిద్రలో ఉందా, అప్పుడే లేచిందా, ఆడుతోందా అన్న ఒక్క ముక్క చేర్చండి. ఆర్నెల్ల తర్వాత ఆ ఒక్క ముక్కే నిద్రతో ముడి ఉందో లేదో చెబుతుంది.

మందు మొదలయ్యాక కొలవాల్సింది రక్తం. ఫీనోబార్బిటోన్ స్థాయి కుదురుకోవడానికి రెండు వారాలు పడుతుంది. మిల్లీలీటరుకు 15 నుంచి 45 మైక్రోగ్రాముల మధ్య పరిధిలో, 25, 30 దగ్గర ఉంచమని ఆ 2015 మార్గదర్శకాల బృందం సలహా. పొటాషియం బ్రోమైడ్ అనే ఇంకో ఫిట్స్ మందు అయితే ఒంట్లో సగానికి తగ్గడానికే మూడు వారాలకు పైగా పడుతుంది, కుదురుకోవడానికి మూడు నెలలు. బ్రోమైడ్‌తో ఒక చిక్కుంది. ఉప్పు ఎక్కువ తింటే కిడ్నీలు బ్రోమైడ్‌ను తొందరగా బయటికి పంపేస్తాయి. నిన్నటిదాకా చప్పిడి తిండి తిన్న కుక్కకు సంక్రాంతికి వచ్చిన చుట్టాలు అప్పడాలూ ఉప్పుచేపలూ పెడితే, డోసు మారకుండానే మందు స్థాయి పడిపోగలదు. మోతాదు మీరే తగ్గించడం, హఠాత్తుగా ఆపేయడం ఇంకా ప్రమాదం.

ఇంత చేశాక కూడా ఎప్పుడైనా హైదరాబాదులోనో చెన్నైలోనో ఈఈజీ తీయించి, 'నార్మల్' అని రిపోర్టు చేతికొస్తే, సంబరపడే ముందు నాలుగు విషయాలు అడగండి. ఎంతసేపు తీశారు? ఆ సమయంలో కుక్క నిద్రపోయిందా, పోతే సహజంగానా, ఏ మత్తుతో? ఆ రోజు పొద్దున ఫిట్స్ మందు వేశారా? పక్కన వీడియో నడిచిందా? మెలకువగా ఉన్న కుక్కకు ఇరవై నిమిషాలు తీసిన నార్మల్ రిపోర్టుకు అర్థం ఆ ఇరవై నిమిషాల్లో మెరుపు కనపడలేదని మాత్రమే. దాన్ని చూసి మందు ఆపకూడదు.